కుడిచెయ్యి అక్కది

జూన్ 3

అడుగులు: 22.

ఈ నోటుబుక్కు నేను అడగలేదు. వ్యాయామం చేయించడానికి వచ్చే పిల్ల తెచ్చి నా ఒళ్ళో పడేసింది. రోజూ ఎన్ని అడుగులు వేశానో రాయాలట, వేయకపోతే ఎందుకు వేయలేదో అదీ రాయాలట. ఆ పిల్ల మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతుంటుంది కాబట్టి నేను పెట్టిన పేరు కూడా స్టాప్‌వాచే. వినగానే నవ్వింది. కోపం వచ్చినా నవ్వే రకం. అలాంటివాళ్ళ దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

సరే, అడుగులతో పాటు మిగతావీ రాస్తాను. ఎవరూ చదవరు కాబట్టి గొప్పలు కూడా చెప్పుకోవచ్చు. అరవై ఏడేళ్ళు నాకు. ఏప్రిల్లో స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాను. లోపల రాడ్డు వేసి, రెండు నెలలు మంచానికి కట్టేశారు. బ్యాటరీ ఫ్యాక్టరీ పోతగదిలో ఇరవై ఎనిమిదేళ్ళు నిలబడి, కరిగిన సీసాన్ని గరిటెతో మూసల్లో పోసి ప్లేట్లు తీసినదాన్ని. ఎండలూ సెగలూ నన్నేమీ చేయలేదు. ఈ తుంటి ఎంత? నెల తిరిగేసరికి ఆ పిల్ల చేత పరుగులు పెట్టిస్తాను.

జూన్ 5

అడుగులు: 31.

చూడ్డానికి అందరూ వచ్చారు, అక్క తప్ప.

అక్క అంటే నా తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. నాకు సొంత అక్క లేదు, ఆ లోటు ఏనాడూ తెలియనివ్వలేదు. నన్ను పోతగదిలో పనికి పెట్టించిందీ ఆవిడే. వాళ్ళిల్లు ఇక్కడికి రెండు సందుల అవతల. బావగారు మాత్రం రాత్రి తాళాల కొట్టు మూశాక రెండుసార్లు వచ్చి వెళ్ళారు. మీ అక్క రాలేకపోయిందమ్మా అన్నారు, చెప్పులకేసి చూస్తూ.

నాలుగేళ్ళుగా ఆవిడది అదే వరస. గోడ వైపు కుర్చీ తిప్పుకుని కూర్చుంటుంది. పిలిస్తే పలుకుతుంది, అంతే. బావగారు రోజూ పొద్దున్నే ఒక పాత తాళం, చిన్న బ్రష్షు చేతికిచ్చి తుప్పు తుడవమంటారు. చేతులకి పని ఉంటే మనిషి తేరుకుంటుందని ఆయన ఆశ. సాయంత్రానికి ఆ తాళం ఒళ్ళో అలాగే ఉంటుంది. డాక్టర్లు వయసన్నారు, దిగులన్నారు, మాత్రలు రాశారు. నేనైతే గారాబం అన్నాను. రెండేళ్ళ కిందట మొహం మీదే అడిగేశాను, ఇంత నటన ఎందుకక్కా, ఎవరి చేత సేవలు చేయించుకుందామని, అని. నేను ముక్కుసూటి మనిషిని, కడుపులో ఏదీ దాచుకోను. ఆ తర్వాత అటు ఎక్కువగా వెళ్ళలేదు. తీరిక లేక.

జూన్ 6

అడుగులు లేవు. వాన.

జూన్ 9

అడుగులు: 28.

ఇంత గట్టి మనిషి, ఏం తిని పెరిగారండీ అని స్టాప్‌వాచ్ అడిగింది. పోతగది సంగతి చెప్పాను. సీసం కరిగించే కాగు ఉండేది, నడుమెత్తు. పొద్దున్న రాగానే దాని అంచు చుట్టూ మా అన్నం డబ్బాలు పేర్చేవాళ్ళం. మధ్యాహ్నం మూత తీస్తే కూర పొగలు కక్కుతూ ఉండేది. మేనేజరు గదిలో కూడా అంత వేడి తిండి లేదు. అక్కది అందరికంటే ముందు చోటు, ఆవిడ పక్కన నాది. ఇక్కడ తినరాదు అని గోడ మీద పెద్ద బోర్డు ఉండేది. దాని మేకుకే మా సంచులు తగిలించేవాళ్ళం.

ఇది చెప్పి నేను నవ్వాను. స్టాప్‌వాచ్ నవ్వలేదు. మొదటిసారి.

జూన్ 11

వాన.

జూన్ 12

వాన.

జూన్ 13

వాన. బాగా.

జూన్ 14

దొరికిపోయాను.

నా కూతురు సిటీ బస్సు నడుపుతుంది, తొమ్మిదో నంబరు. ఎనభై మందిని వెనకేసుకుని ట్రాఫిక్‌లో తిరిగే మనిషి కదా, ఇంట్లో కూడా గొంతు తగ్గదు. డ్యూటీ దిగి వచ్చి, బల్ల మీద తెరిచి ఉన్న ఈ పుస్తకం వైపు ఒక్క చూపు విసిరింది.

"అమ్మా, నేను వైపర్లు వేసి ఇరవై రోజులైంది. నీ ఒక్క కిటికీలోనే పడుతోందా ఈ వాన?"

చదవలేదనీ, పెద్ద అక్షరాలతో రాసిన మాట కంటపడిందనీ చెప్పింది. యూనిఫారం మార్చుకోకుండానే మంచం పక్కన కూర్చుంది. ఎందుకు లేవడం లేదమ్మా అంది, నెమ్మదిగా. ఆ నెమ్మది గొంతు విని నాకు ఒళ్ళు మండింది. లేవాలని లేదు కాబట్టి లేవలేదు, నాకేం రోగమా, అని అరిచాను. అది లేచి వెళ్ళి బట్టలు మార్చుకుంది.

నాకు దిగులు పడదు. అసలు ఆ మాటే మా ఇంటి మాట కాదు.

జూన్ 17

చెంచా కనపడలేదని కూతురి మీద గయ్యిమన్నాను. చెంచా నా గ్లాసులోనే ఉంది.

తర్వాత ఏడుపొచ్చింది. కారణం కోసం వెతికాను. మా ఆయన పోయి పదేళ్ళయింది, అది కాదు. కాలు నొప్పి అంతగా లేదు, అదీ కాదు. కారణం దొరక్కపోయేసరికి కోపం తెచ్చుకున్నాను. కోపమైతే నాకు అలవాటే.

జూన్ 18

ఏమీ రాయాలని లేదు.

జూన్ 21

అడుగులు: ఆసుపత్రిలో లెక్కపెట్టలేదు.

తుంటి చూపించుకోవడానికి అని చెప్పి తీసుకెళ్ళి, నా కూతురు నన్ను వేరే డాక్టరు ముందు కూర్చోబెట్టింది. స్టాప్‌వాచూ అదీ కలిసి ఆడిన నాటకం. కాగు మీది డబ్బాల కథ స్టాప్‌వాచ్ చేరవేసిందట. నవ్వే రకంతో జాగ్రత్తగా ఉండాలని నేను ముందే రాశాను.

డాక్టరమ్మ చిన్నదే, నా కూతురి ఈడు. కడుపునొప్పి ఉందా, నిద్ర పడుతోందా, చేతులు వణుకుతున్నాయా, ఊరికే కోపం వస్తోందా, ఊరికే ఏడుపొస్తోందా అని అడిగింది. అన్నిటికీ లేదన్నాను. నా కూతురు ప్రక్కనుంచి అన్నిటికీ అవునంది. ఆఖరికి, ఏం పని చేసేవారమ్మా అంది. ఇన్నాళ్ళలో ఎంతమంది డాక్టర్లని చూశానో, ఆ ప్రశ్న అడిగింది ఈవిడొక్కతే. చెప్పాను, కాస్త దర్జాగానే. ఫ్యాక్టరీ మూతపడి తొమ్మిదేళ్ళయినా సీసానికి రక్తపరీక్ష చేయిస్తానంది.

దండగ అన్నాను. మాకు ఏటా రక్తం తీసేవాళ్ళు. మొత్తం ఫ్యాక్టరీలో అందరికంటే తక్కువ అంకె నాదే, టోకెన్ నలభై ఒకటి, కావాలంటే పాత కాగితాలు తిరగేయండి అన్నాను. పోతగదిలో నా రక్తానికి ఎంత గిరాకీ ఉండేదంటే

జూన్ 22

అడుగులు: 40. ఎండ బాగుంది.

జూన్ 28

అడుగులు: 55.

నాకు ఉంది. సీసం. మామూలుగా ఉండాల్సినదానికి చాలా రెట్లు.

తొమ్మిదేళ్ళ కిందట వదిలేసిన పని ఇప్పుడెలా పట్టుకుంటుంది అని అడిగాను. సీసం రక్తంలో ఎక్కువకాలం ఉండదట, ఎముకల్లోకి వెళ్ళి తలదాచుకుంటుందట, ఏళ్ళ తరబడి. వయసు మీదపడి ఎముక గుల్లబారినప్పుడూ, విరిగి మంచం పట్టినప్పుడూ మళ్ళీ రక్తంలోకి దిగుతుందట. కడుపునొప్పీ, చేతుల వణుకూ, నిద్రపట్టకపోవడమూ దాని పని కావచ్చు. ఈ కోపం, ఈ ఏడుపు, లేవాలనిపించకపోవడం కూడా. అంతా సీసమేనని చెప్పలేనమ్మా, మనసుకి వేరే కారణాలూ ఉంటాయి, కానీ ఇది ఒకటి తేలింది, అంది.

ఎవరన్నా వింటే నవ్వుతారేమోగానీ నాకు ప్రాణం లేచొచ్చింది. అంటే నేను పిరికిదాన్నయిపోలేదు. నా బుద్ధి చెడలేదు. ఒంట్లో సీసం ఉంది, దానికి మందుంది, చేతనైన డాక్టరు ఉంది. శత్రువు మొహం కనపడితే చాలు నాకు, ఇక పోట్లాడుకోవచ్చు. బయటికి వస్తూ నా కూతురు భుజం మీద చెయ్యి వేశాను. అది ఆశ్చర్యపోయింది.

తలుపు దగ్గర డాక్టరమ్మ ఇంకో మాట అడిగింది, మీతో పనిచేసినవాళ్ళలో ఇలా ఉన్నవాళ్ళెవరన్నా ఉన్నారా అని.

లేరు అన్నాను.

జూన్ 29

వాన.

జూలై 1

అడుగులు: 12.

మందులు మొదలయ్యాయి. నాలుక మీద ఇనుప రుచి. కూతురు వంటింట్లోంచి అడిగింది, పెద్దమ్మ కూడా అక్కడే కదా పనిచేసింది, ఆవిడకీ చేయిద్దామా అని. అక్కర్లేదే, ఆవిడ అంకె ఎప్పుడూ తక్కువే, నాతో సమానం, అన్నాను.

అది సరే అంది. నా మాట అది ఇట్టే నమ్మేస్తుంది. చిన్నప్పటినుంచీ అంతే.

జూలై 2

అడుగులు లేవు. వాన కాదు.

రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇక ఎక్కడా చెప్పను, ఆ సంగతి నాకు తెలుసు.

ఫ్యాక్టరీ మూతపడే ముందు పన్నెండేళ్ళు, ఏడాదికోసారి బయటినుంచి రక్తం బండి వచ్చేది. అంకె గీత దాటినవాళ్ళని పోతగదిలోంచి తీసేసి, వెనక షెడ్డులో బ్యాటరీ పెట్టెలు కడగడానికి పంపేవాళ్ళు, అంకె దిగేదాకా. వాళ్ళని బరువెక్కినవాళ్ళు అనేవాళ్ళం. మాట సరదాగానే అనేవాళ్ళం గానీ అదో చిన్నచూపు. మొదటి ఏడే అక్క అంకె గీత దాటింది. అక్క పోసిన ప్లేటులో ఒక్క బెజ్జం ఉండేది కాదు, కొత్తగా చేరినవాళ్ళు ఆవిడ చెయ్యి చూసి నేర్చుకునేవాళ్ళు. అలాంటి మనిషి మూడు నెలలు షెడ్డులో పెట్టెలు కడిగింది. ఇంటికి వచ్చి మాట్లాడేది కాదు. తిరిగి పోతగదికి వచ్చినా, మళ్ళీ బండి వచ్చే రోజు దగ్గర పడుతుంటే భయపడేది.

అక్క నన్ను అడగలేదు. నేనే అన్నాను, నా రక్తం ఉండగా నీకెందుకక్కా బెంగ, అని.

ఇద్దరం ఒకే ఇంటి కోడళ్ళం, ఒకే ఇంటిపేరు. టోకెన్లు నలభై ఒకటి, నలభై రెండు. సూది గుచ్చే నర్సు ఏటా మారేది. ఆవిడ చెయ్యి చూసేది, టోకెన్ చూసేది, మొహం చూసేది కాదు. ముందు నా టోకెన్‌తో వెళ్ళి ఎడమచెయ్యి ఇచ్చేదాన్ని. వెనక వసారాలో తలగుడ్డ మార్చుకుని, వరస చివర మళ్ళీ నిలబడి, అక్క టోకెన్‌తో కుడిచెయ్యి ఇచ్చేదాన్ని. సూది గుర్తు కనపడకూడదు కదా. ఎడమచెయ్యి నాది, కుడిచెయ్యి అక్కది. పోతగదిలో అందరికీ తెలుసు, అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. ఇద్దరి అంకెలూ ఇంచుమించు ఒకటే వస్తున్నాయని ఒకసారి ఆఫీసు గుమాస్తాకి అనుమానం వచ్చింది. ఒకే ఇంటి తిండి కదండీ అన్నాను. తలూపాడు. ఆ మాట తల్చుకుని నెల రోజులు నవ్వాం.

పదకొండేళ్ళు అలా ఇచ్చాను. పదకొండేళ్ళు అక్క అసలు అంకె ఎంతో ఎవరికీ తెలియదు. తెలిసుంటే కాగు దగ్గర్నుంచి లాగేసేవాళ్ళు. నేను సాయం చేశాననుకున్నాను. దేవుడు సాక్షి, సాయమే అనుకున్నాను.

ఇంకా ఒకటి ఉంది. ఇది నిన్నటిదాకా నాకూ తట్టలేదు.

నా అంకె ఎందుకు తక్కువ? ఇనుము లాంటి ఒళ్ళు నాది అని చెప్పుకుంటూ తిరిగాను. కాగులో సీసం పైకి తెట్టు కడుతుంది, దాన్ని తీసి పారెయ్యాలి. దుమ్మంతా అందులోనే ఉంటుంది. ఆ పని అక్కా నేనూ వంతులవారీగా చేయాలి. నేను చేరిన రెండో ఏడు నా కూతురు పుట్టింది. పాలిచ్చేదానివి, నువ్వు కిటికీ దగ్గరికి పోవే అని అక్క నన్ను పంపేసి, నా వంతు కూడా తనే తీసింది. పాప పాలు మానింది, బడికి వెళ్ళింది, బస్సు నడపడం నేర్చుకుంది. కిటికీ దగ్గర నా చోటు అలాగే ఉండిపోయింది, కాగు మూతి దగ్గర అక్క అలాగే ఉండిపోయింది. నేను అడగలేదు, ఆవిడ అనలేదు.

నా ఒంట్లో మంచి రక్తం ఉందంటే అది అక్క ఇచ్చిన కిటికీ. ఆ రక్తమే తీసుకెళ్ళి అక్క పేరు మీద పోశాను. ఆఖరికి ఆవిడ గోడకి తిరిగి కూర్చుంటే, నటన అన్నాను.

జూలై 3

వాన కాదు.

జూలై 4

వాన కాదు. సిగ్గు.

జూలై 5

కూతురికి చెప్పాను. అన్నం కంచం పక్కకి పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

పెద్దమ్మకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా అంది. నేనే అన్నాను.

జూలై 6

అడుగులు: 412. ఎప్పుడూ నూరు దాటలేదు. స్టాప్‌వాచ్‌కి చెబితే నమ్మదు.

నడకకర్ర సరిపోదని నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని వెళ్ళాను. వెనకాలే నా కూతురు, సెలవు పెట్టుకుని. ప్రతి ముప్పై అడుగులకీ ఆగి, ఇది ఏ స్టాపు అని నేను అడగడం, అది ఏదో పేరు చెప్పడం. ఎవరికీ నవ్వు రాలేదు గానీ ఆ మాటల వల్ల దారి గడిచింది.

బావగారు కొట్లో కూర్చుని తాళంచెవి ఆకురాయితో రుద్దుతున్నారు. నన్ను చూసి గబగబా లేచారు. లోపల అక్క, గోడ, కుర్చీ. ఒళ్ళో ఇత్తడి తాళం. జుట్టు బావగారే దువ్వినట్టున్నారు, పాపిడి వంకరగా ఉంది. వెనకనుంచి పిలిస్తే ఊఁ అంటుందే తప్ప తిరగదు. అందుకని స్టాండు పక్కన పెట్టి, గోడకీ కుర్చీకీ మధ్య ఉన్న జానెడు సందులోకి దూరి, గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. నన్ను చూడక తప్పని చోట.

చెప్పాను. నా అంకె, ఎముకలు, డాక్టరమ్మ చెప్పినది, రక్తం బండి, తలగుడ్డ, కిటికీ. నటన అన్న మాట కూడా. చెప్పినంతసేపూ కూర్చోలేదు. అక్క తాళాన్ని వేలితో అటూ ఇటూ తిప్పింది.

"నువ్వు నటన అన్నావు కదే," అంది చివరికి. "నేనూ అదే అనుకున్నాను. లేవగలిగి కూడా లేవట్లేదేమో అని, నన్ను నేనే రోజూ తిట్టుకుంటున్నాను."

నా ప్రాణం అక్కడే చచ్చిపోయింది. నేను ఒక్కసారి అని వచ్చేశాను. ఆవిడ రెండేళ్ళుగా ఆ మాట రోజూ అనుకుంటోంది. తప్పు నాదక్కా, పూర్తిగా నాదే అన్నాను.

"పూర్తిగా నీదేం కాదు. నువ్వు చెయ్యి ఇచ్చావు, నేను టోకెన్ ఇచ్చాను."

గుమ్మంలో బావగారు నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. ఆయన గొంతెత్తగా నేను ఎన్నడూ వినలేదు, ఇవాళ కూడా ఎత్తలేదు. నాలుగేళ్ళుగా, నేనేం తప్పు చేశానా అని వెతుక్కుంటున్నానమ్మా, ఒక్క మాట నాతో అని ఉంటే, అన్నారు. అని ఆపేశారు. ఆకురాయి చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూసి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తర్వాత బయటికి వెళ్ళి కొట్టు షట్టరు దించారు. పట్టపగలు పన్నెండు గంటలకి. ఎవరి పెళ్ళికీ చావుకీ కూడా ఆ వేళకి దించి ఎరగరు. తిరిగి వచ్చి, నావైపు కాకుండా నా కూతురి వైపు చూసి అడిగారు.

"ఆసుపత్రి ఎన్నింటిదాకా ఉంటుందమ్మా?"

జూలై 7

అడుగులు: 130.

నిన్న వెళ్ళేసరికి రక్తం తీసే గది మూసేశారు. ఇవాళ పొద్దున్నే వెళ్ళాం. తొమ్మిదో నంబరు బస్సులో, నా కూతురే నడుపుతుండగా. అది బస్సు నడపడం నేను చూడటం ఇదే మొదలు. అక్కని ఎక్కించడానికి పది నిమిషాలు పట్టింది. వెనక ఎవరో గొణిగితే, అద్దంలోంచి ఒక్క చూపు చూసింది. బస్సంతా గప్‌చుప్.

రక్తం తీసే ఆవిడ అక్క కార్డు అడిగింది. కార్డు మీద ఫొటో చూసింది, అక్క మొహం చూసింది, మళ్ళీ ఫొటో చూసింది. ఆ రోజుల్లో ఏ నర్సు అయినా ఇలా ఒక్కసారి చూసి ఉంటే అని మనసులో అనుకున్నాను. వెంటనే, తప్పు వాళ్ళ మీదికి తోస్తున్నావే అని నన్ను నేను అదిలించుకున్నాను.

ఏ చెయ్యి ఇస్తారమ్మా అంది ఆవిడ. అక్క కుడిచెయ్యి చాపింది. సన్నగా అయిపోయింది ఆ చెయ్యి. ఇదివరకు ఎప్పుడన్నా సీసం పరీక్ష చేయించుకున్నారా అని అడిగింది, రబ్బరు పట్టీ బిగిస్తూ.

"కాగితాల్లో అయితే పన్నెండుసార్లు," అంది అక్క. "నొప్పి మాత్రం ఒక్కసారిదే తెలుసు. మిగతావి మా చెల్లిని అడగండి."

ఆవిడకి ఏం అర్థమవుతుంది? సరే సరే అని సూది గుచ్చింది. నాకు అర్థమైంది. నాలుగేళ్ళ తర్వాత అక్క నోట మొదటి ఎగతాళి, అదీ నా మీద. నవ్వాలో ఏడవాలో తేలక, అక్క ఎడమచెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

జూలై 16

అడుగులు: 90.

అక్క అంకె నాకు దాదాపు మూడింతలు.

డాక్టరమ్మ దగ్గర ముందు నా అబద్ధం ఒప్పుకున్నాను. లేరు అన్నాను, ఉన్నారు, ఈవిడే, అన్నాను. ఆవిడ కోప్పడలేదు. ఒంట్లో సీసం అంతా పోదనీ, మందులతో, ఎముకలకి బలంతో నెమ్మదిగా దించుకోవాలనీ చెప్పింది. దిగులుకి ఇస్తున్న మాత్రలు మానకూడదట, మాట్లాడటానికి ఒకావిడ దగ్గరికి కూడా పంపిస్తానంది. పాత మనిషిని తిరిగి ఇస్తానని మాట ఇవ్వలేదు. నాకు ఆ నిజాయితీ నచ్చింది, వినడానికి మాత్రం కష్టంగా ఉంది.

అక్క ఒకటే అడిగింది, ఇది బద్ధకం కాదా అని. కాదమ్మా అంది డాక్టరమ్మ. అక్క ఇంకోసారి అడిగింది. ఆవిడ ఇంకోసారి చెప్పింది.

పోతగదిలో మాతో పనిచేసినవాళ్ళ పేర్లు గుర్తున్నంతవరకు రాసిచ్చాను. పందొమ్మిది. ఎవరు ఎక్కడ ఉన్నారో బావగారు కనుక్కుంటానన్నారు. ఊళ్ళో సగం ఇళ్ళ తాళాలు ఆయన చేతివే కదా.

జూలై 25

అక్క ఇవాళ లేవలేదు. నిన్న కూడా. పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్ళోని తాళం తీసుకుని నేనే తుప్పు తుడిచాను. సరిగ్గా తుడవలేదట. వేలుపెట్టి మూల చూపించింది.

ఆగస్టు 4

బావగారు నాతో మునుపటిలా మాట్లాడటం లేదు. కుర్చీ మాత్రం వేస్తున్నారు. ఆయన ఇష్టం, ఆయన హక్కు. రేపూ వెళ్తాను.

ఆగస్టు 12

అడుగులు: 450.

స్టాప్‌వాచ్ నన్ను పాస్ చేసి, ఇక రానక్కర్లేదంది. పుస్తకం తిరిగి ఇవ్వాలా అంటే, మీదేనండీ ఉంచుకోండి అంది. అక్కకి వ్యాయామం చేయించడానికి వస్తావా అన్నాను. ఎప్పట్నుంచి రమ్మంటారు అంటూ నవ్వింది.

ఆగస్టు 23

అడుగులు: నావి 430. అక్కవి 60.

సందు మలుపుదాకా వెళ్దామన్నది అక్కే. నా స్టాండు ఇవతల, బావగారు అవతల, మధ్యలో ఆవిడ. నలభై దాటాక ఒక్కసారిగా వాన కుమ్మేసింది. ఇంటికి పరుగెత్తే కాళ్ళు మా ముగ్గురిలో ఎవరికీ లేవు. చేతనైనంత వేగంగా, అంటే నెమ్మదిగా, తడుస్తూ వచ్చాం. చేతులు తుడుచుకోమని బావగారు తువ్వాలు ముందు అక్కకిచ్చి, తర్వాత నాకిచ్చారు.

సాయంత్రం కూతురు డ్యూటీ దిగి వచ్చి ఈ పుస్తకం కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను. చదివి, పెన్ను తీసుకుని కింద తనే రాసింది: వాన నిజమే. వైపర్లు ఆపలేదు.